సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఒకే జత వేట బూట్లు సరిపోతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్నారు. నిరుడు నవంబర్‌లో గన్ సీజన్‌కి మొదటిసారి జింక వేటకు వెళ్ళారు. ఈసారి సెప్టెంబర్‌లో విల్లుతో మొదలుపెట్టి, డిసెంబర్‌లో మజిల్‌లోడర్ (గొట్టం మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ) సీజన్ దాకా వెళ్ళాలని ఉంది. నిరుడు 1200 గ్రాముల ఇన్సులేషన్ ఉన్న బూట్లు వేసుకుని, లోపల రెండు జతల మందపాటి సాక్సులు తొడుక్కున్నా, చెట్టు మీద కూర్చున్న రెండు గంటలకే వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఇప్పుడు 2000 గ్రాములవి కొనాలా, అన్ని నెలలకూ అవే సరిపోతాయా, 350 డాలర్లలో పని అవుతుందా? చివర్లో, "నాకు షుగర్ కూడా ఉంది" అని ఒక ముక్క రాశారు. అది చిన్న విషయం కాదు, దాని గురించి కింద విడిగా రాస్తాను.

2000 గ్రాములవి కొనకండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే నిరుడు మీ కాళ్ళు చల్లబడడానికి ఇన్సులేషన్ తక్కువ కావడం కారణం అయ్యుండదు. కారు ఆపిన చోటి నుంచి స్టాండ్ (చెట్టుకు కట్టిన, వేటగాడు కూర్చునే మంచె) దాకా ముప్పావు మైలు చీకట్లో నడిచామన్నారు. 1200 గ్రాముల బూట్లతో, రెండు మందపాటి సాక్సులతో అంత దూరం నడిస్తే ఎవరి పాదాలకైనా చెమట పడుతుంది. ఆ తడి సాక్సులతోనే చెట్టెక్కి కదలకుండా కూర్చున్నారు. దానికి తోడు ఒక సాక్సుకి సరిపడే బూటులో రెండు ఇరికించారు. కాబట్టి పాదానికి తడీ తగిలింది, బిగుతూ తగిలింది. ఇదే పద్ధతిలో ఇంకా మందం బూట్లు వేసుకుంటే చెమట ఇంకాస్త ముందే పడుతుంది.

ఇన్సులేటెడ్ బూటు ఫ్లాస్క్ లాంటిది. వేడి టీ పోస్తే వేడిగా ఉంచుతుంది, చల్లటి నీళ్ళు పోస్తే చల్లగానే ఉంచుతుంది, తానుగా వేడి పుట్టించదు. పాదానికి వేడి రక్తంతో వస్తుంది. ఆ రక్తం సరిగ్గా రావాలంటే నడుము పైభాగం వెచ్చగా ఉండాలి, బూటు వదులుగా ఉండాలి, పాదం పొడిగా ఉండాలి. ఛాతీ, తల చల్లబడితే శరీరం మొదట చేతులకూ కాళ్ళకూ రక్తం తగ్గిస్తుంది. అందుకే వేళ్ళు చల్లబడ్డాయని ఎవరైనా చెబితే నేను ముందు వాళ్ళ టోపీ, మెడ చుట్టూ ఉన్న గుడ్డ, లోపలి బనియన్ గురించి అడుగుతాను.

ఇక ఆ గ్రాముల సంగతి. పెట్టె మీద 400, 800, 1200 అని రాసి ఉంటే అది బూటులో ఉన్న మొత్తం ఇన్సులేషన్ బరువు అని చాలామంది అనుకుంటారు. ఆ పదార్థాన్ని ఒక చదరపు మీటరు మేర పరిస్తే ఎంత తూగుతుందో ఆ అంకె చెబుతుంది, అంతే. బాగా పేరున్న థిన్సులేట్‌ని తయారుచేసేది 3ఎం కంపెనీ. వాళ్ళ ప్రధాన కార్యాలయం మన సెయింట్ పాల్ పక్కనే మేపుల్‌వుడ్‌లో ఉంది. సన్నటి పోగుల మధ్య గాలిని పట్టి ఉంచడమే దాని పని, వెచ్చదనమంతా ఆ గాలి వల్లే. నొక్కితే గాలి పోతుంది, గాలి పోతే వెచ్చదనం పోతుంది. పాదం అడుగున మన ఒంటి బరువంతా పడుతుంది కాబట్టి అక్కడ ఈ ఇన్సులేషన్ ఎంత ఉన్నా అంతగా పనిచేయదు. అడుగు నుంచి వచ్చే చలిని ఆపేది మందపాటి సోల్, లోపల వేసే ఫెల్ట్ లేదా ఉన్ని ఇన్సోల్. కొనేటప్పుడు పెట్టె మీది అంకెను చూసినంత శ్రద్ధగా సోల్ మందం కూడా చూడండి.

"మైనస్ 40 దాకా" అని కంపెనీలు రాసే రేటింగును నమ్మి కొనేవాళ్ళున్నారు. అది ఎలాంటి మనిషికి, ఎంతసేపటికి, నడుస్తున్నప్పుడా కూర్చున్నప్పుడా అన్నది ఆ లేబుల్ మీద ఉండదు. అదే 30 డిగ్రీల చలిలో కొండ ఎక్కే మనిషికి 200 గ్రాముల బూటు చాలు, స్టాండ్‌లో నాలుగు గంటలు కూర్చునే మనిషికి 1000 గ్రాములూ చాలకపోవచ్చు. (ఇక్కడ రాసే డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్. నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర.) బూటు ఎంచుకునేటప్పుడు థర్మామీటర్ కంటే ముందు చూడాల్సింది మీరు ఎంత కదులుతారన్నదే.

నేను వాడే లెక్క చెబుతాను, మీ ఒంటి తీరును బట్టి అటూ ఇటూ చేసుకోండి. 50 డిగ్రీల పైన అయితే ఇన్సులేషనే అక్కర్లేదు, మహా అయితే 200 గ్రాములు. 30 నుంచి 50 మధ్య నడక ఎక్కువ, కూర్చోవడం తక్కువ అయితే 400. అదే వాతావరణంలో ఉదయమంతా కూర్చునేట్టయితే 800. 20 కంటే కిందకు పోయి, కదలకుండా కూర్చోవాలంటే 1000 నుంచి 1200. సున్నా దగ్గరికి వస్తే మామూలు లేసు బూట్లు వదిలేసి, లోపలి ఫెల్ట్ లైనర్ బయటికి తీయగలిగే ప్యాక్ బూట్లు వాడతాను.

మీరు చెప్పిన సీజన్లను ఈ లెక్కతో చూడండి. మిన్నెసోటాలో విల్లు సీజన్ సెప్టెంబర్ నడిమిలో మొదలై డిసెంబర్ 31 దాకా ఉంటుంది. గన్ సీజన్ నవంబర్ 6కి దగ్గరగా వచ్చే శనివారం మొదలవుతుంది. మజిల్‌లోడర్ నవంబర్ చివర మొదలై డిసెంబర్‌లోకి వెళ్తుంది. సెప్టెంబర్‌లో మధ్యాహ్నం 75 డిగ్రీలు ఉండడం మామూలే, డిసెంబర్ తెల్లవారుజామున సున్నాకి దిగడం కూడా మామూలే. ఈ రెంటికీ ఒకే బూటు అని ఎవరైనా అమ్మితే, ఆ బూటు రెండింట్లో ఒకచోట తప్పకుండా చెడ్డదే అవుతుంది.

అసలు చిక్కు నవంబర్‌తో. ఆ నెలలో ఉదయం ఒక కాలం, సాయంత్రం ఇంకో కాలం. 1940 నవంబర్ 11న, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసినందుకు జరుపుకునే ఆర్మిస్టిస్ డే నాడు, పొద్దున వాతావరణం హాయిగా ఉందని మిసిసిపీ నది మీదికి బాతుల వేటకు పల్చటి బట్టలతో వెళ్ళినవాళ్ళను మంచు తుఫాను పట్టేసింది. కొద్ది గంటల్లో ఉష్ణోగ్రత ఘోరంగా పడిపోయింది. మిన్నెసోటాలోనే 49 మంది చనిపోయారు, వాళ్ళలో చాలామంది వేటగాళ్ళే. 1991లో హాలోవీన్ రోజు మొదలైన మంచు తుఫాను ట్విన్ సిటీస్‌లో (మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో) 28 అంగుళాల పైన మంచు కురిపించింది, అది గన్ సీజన్‌కి వారం ముందు. ఇప్పుడు ఫోన్లో గంటగంటకూ ఫోర్‌కాస్ట్ వస్తుంది కాబట్టి ఆ రోజులు వేరు అనిపించవచ్చు. అయినా నవంబర్‌లో అడవిలోకి వెళ్ళేటప్పుడు పొద్దున్నే తగిలే గాలిని బట్టి కాళ్ళకు ఏం వేసుకోవాలో తేల్చకండి. ఆ రోజు అతి తక్కువ ఎంతకు దిగుతుందో చూసి, దానికి సరిపడేది సంచిలో పెట్టుకుని వెళ్ళండి. సంచిలో పెట్టుకోవడం అన్నది ముఖ్యం, ఒంటి మీద వేసుకుని నడవమనడం లేదు.

నా పద్ధతి అంతా దీని మీదే ఆధారపడి ఉంది. తేలికపాటి బూట్లతో నడిచి వెళ్తాను. స్టాండ్ దగ్గరికి చేరాక తడిసిన సాక్సులు విప్పి, పాదాలు తుడుచుకుని, పొడి ఉన్ని సాక్సులు వేసుకుంటాను. తర్వాత, బాగా చలిగా ఉంటే సంచికి కట్టి తెచ్చిన బరువైన బూట్లు తొడుక్కుంటాను, లేదా వేసుకున్న బూట్ల మీదే బూట్ కవర్లు ఎక్కిస్తాను. ఈ కవర్లు పెద్ద సంచుల్లా ఉంటాయి, లోపల ఇన్సులేషన్ ఉంటుంది, చుట్టితే సంచిలో ఒక మూల పడి ఉంటాయి. 400 గ్రాముల బూటు మీద మంచి కవరు వేస్తే, కూర్చున్నంత సేపు, చాలా 1200 గ్రాముల బూట్లకంటే వెచ్చగా ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: బూట్లు మార్చుకునే పని చెట్టు కిందే కానివ్వండి. కవర్లు పైకి చేరి, హార్నెస్ (పడిపోకుండా చెట్టుకు కట్టి ఉంచే పట్టీలు) తగిలించుకుని కూర్చున్నాకే వేసుకోండి. వాటితో నిచ్చెన ఎక్కకూడదు, దిగకూడదు. మెట్టు కాలికి తెలియదు.

స్టాండ్‌లో ఇనుప జాలీ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాం కాబట్టి కింద నుంచి గాలి, ఇనుము రెండూ వేడిని లాగేస్తాయి. పాత కార్పెట్ ముక్కో, యోగా మ్యాట్ ముక్కో కోసి కాళ్ళ కింద పరవండి. పైసా ఖర్చు లేదు, చప్పుడు కూడా తగ్గుతుంది. గ్రౌండ్ బ్లైండ్‌లో (నేల మీద వేసుకునే, జంతువులకి కనబడకుండా దాక్కునే గుడారంలో) కూర్చునేవాళ్ళకి కూడా ఇదే వర్తిస్తుంది, గడ్డకట్టిన నేల ఇనుము కంటే దయగలది ఏమీ కాదు.

బూట్ల రకాలకు వస్తే, తోలు లేసు బూట్లు మడమను గట్టిగా పట్టి ఉంచుతాయి, నడకకి అవే మేలు. వాటిలో గోర్‌టెక్స్ లాంటి పొర ఉంటే బయటి నీళ్ళు రావు. ఆ పొర లోపలి చెమటను కూడా బయటికి పంపేస్తుందని అమ్మేవాళ్ళు చెబుతారు. కొంతవరకు నిజమే. అయితే మందపాటి ఇన్సులేషన్ ఉన్న బూటులో, బయట గడ్డకట్టే చలిలో, చెమట ఆవిరి ఆ పొరను దాటేలోపే చల్లబడి నీరైపోతుంది. తోలు బాగా నానితే పరిస్థితి ఇంకా కష్టం. కాబట్టి పొర ఉంది కదా అని చెమట సంగతి మరిచిపోకూడదు.

నియోప్రీన్ (స్పాంజిలాంటి మెత్తటి రబ్బరు) లోపల ఉన్న రబ్బరు బూట్లంటే విల్లు వేటగాళ్ళకి ఇష్టం. బురదలో, వాగుల దగ్గర హాయి, మనిషి వాసన కూడా దారిలో తక్కువ వదులుతాయి. ఇబ్బంది ఏమిటంటే లోపలి చెమట ఎటూ పోదు, మడమ కూడా కాస్త జారుతుంది. ముప్పావు మైలు నడకకి నేనైతే ఇన్సులేషన్ లేని రబ్బరు బూటు తప్ప మందపాటిది వేసుకోను. సెప్టెంబర్, అక్టోబర్‌లలో అది మంచి ఎంపికే. ప్యాంటు అంచులు అందులోకి దోపుకుంటే టిక్స్ (ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదుల్లాంటి పురుగులు) బెడద కూడా తగ్గుతుంది, లైమ్ వ్యాధి తెచ్చే జింక టిక్స్ ఇక్కడ శరత్కాలంలో కూడా తిరుగుతూనే ఉంటాయి.

మూడోది ప్యాక్ బూటు: కింద రబ్బరు, పైన తోలు, లోపల విడిగా వచ్చే లైనర్. కింద రబ్బరు, పైన తోలు అన్న ఆలోచన పాతదే. అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రంలో లియాన్ లియాన్‌వుడ్ బీన్ అనే ఆయన 1912లో వేటగాళ్ళ కోసం అలాంటి బూట్లు అమ్మడం మొదలుపెట్టాడు. మొదటి వంద జతల్లో తొంభై వెనక్కి వచ్చాయి, తోలు రబ్బరు నుంచి ఊడిపోయిందట. డబ్బులు తిరిగిచ్చి, కుట్టు బాగుచేసి మళ్ళీ అమ్మాడు. మీరు ఏ కంపెనీది కొన్నా రబ్బరూ తోలూ కలిసే ఆ కుట్టునే వేలితో తడిమి చూడండి, ఈ బూట్లలో నీళ్ళు మొదట దూరేది అక్కడే. ప్యాక్ బూట్లలో నాకు నచ్చే గుణం లైనర్ బయటికి రావడం. రాత్రి హీటర్ ఉన్న గదిలో ఆరబెట్టుకుంటే తెల్లారేసరికి పొడిగా ఉంటుంది. ఇంకో జత లైనర్లు కొని పెట్టుకుంటే వరసగా రెండు మూడు రోజులు వేటకు వెళ్ళేవాళ్ళకి చాలా సుఖం. ఇన్సులేషన్ లోపలే కుట్టేసిన బూట్లు ఒకసారి లోపల తడిస్తే ఒక రాత్రిలో ఆరవు. వాటిని మంట పక్కనో, హీటర్ మీదో పెట్టి తొందరపెట్టకండి, జిగురు ఊడుతుంది, తోలు పగులుతుంది. ఇన్సోల్ తీసి, తక్కువ వేడితో గాలి పంపే బూట్ డ్రయర్ వాడండి.

కొరియా యుద్ధం నాటి చలి దెబ్బలు చూశాక అమెరికా సైన్యం వాడిన రబ్బరు బూట్లలో ఉన్నిని రెండు రబ్బరు పొరల మధ్య పూర్తిగా మూసేశారు. చెమట సాక్సుని తడుపుతుంది గానీ ఇన్సులేషన్‌లోకి వెళ్ళలేదు, అందుకే తడిసినా వెచ్చగానే ఉంటాయి. అలాస్కాలో వాటిని ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు. మిన్నెసోటా జింక వేటకి అవి అనవసరం, బరువు కూడా ఎక్కువ. ఇన్సులేషన్‌ని పొడిగా ఉంచడం ఎంత ముఖ్యమో చెప్పడానికే ఆ సంగతి ఎత్తాను.

సాక్సుల విషయంలో కాటన్‌ని పూర్తిగా పక్కన పెట్టండి. అది చెమటను పీల్చుకుని అలాగే పట్టుకుని కూర్చుంటుంది. మెరినో ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చినా ఒంటికి తడిగా అనిపించదు, తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. ఒక పల్చటి లైనర్ సాక్సు, దాని మీద ఒక మందపాటి ఉన్ని సాక్సు, అంతే. రెండు మందపాటివి వద్దు. బూటు వేసుకుని వేళ్ళు లోపల పైకీ కిందకీ ఆడించగలగాలి. ఆడించలేకపోతే, ఆ బూటు ఎంత ఖరీదైనదైనా, ఎన్ని గ్రాములదైనా మీ కాళ్ళను చల్లబరుస్తుంది. చలికాలపు బూటు మామూలు సైజు కంటే అర సైజు పెద్దది తీసుకోమని చెప్పేది ఇందుకే. మన పాదాలు చాలామందికి ముందు భాగంలో వెడల్పుగా ఉంటాయి, పొడవు పెంచే ముందు వెడల్పు సైజు దొరుకుతుందేమో అడగండి.

ఇప్పుడు షుగర్ సంగతి. దయచేసి దీన్ని శ్రద్ధగా చదవండి. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గవచ్చు, రక్తప్రసరణ కూడా తగ్గవచ్చు. అలాంటప్పుడు చలి కొరుకుతున్నా తెలియదు, కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచినా తెలియదు. "వేళ్ళు మొద్దుబారాయి" అని మీరు రాసింది చలి వల్లే అయ్యుండొచ్చు, కానీ సీజన్ మొదలయ్యేలోపు డాక్టర్ దగ్గర పాదాల పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద తాకిస్తూ స్పర్శ చూస్తారు, అయిదు నిమిషాల పని. స్పర్శ తగ్గిందని తేలితే కాలివేళ్ళకి అంటించే టో వార్మర్లు మీకు వద్దు. వాటిలో ఉండే ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది, ఆ వేడికి చర్మం కాలినా మీకు తెలిసేది ఇంటికి వచ్చి సాక్సు విప్పాకే. స్పర్శ బాగుందంటే వాడుకోండి, చర్మం మీద మాత్రం పెట్టకండి, సాక్సు మీదే అంటించండి. గాలి ఆడని రబ్బరు బూటులో అవి సరిగ్గా పనిచేయవన్నది కూడా గుర్తుంచుకోండి.

చలిగా అనిపించినప్పుడు దిగుదాం అన్న లెక్క మీకు పనికిరాదు. గడియారం చూసుకుని దిగండి, కాస్త నడవండి, మధ్యాహ్నం ఒకసారి సాక్సు విప్పి వేళ్ళు కళ్ళతో చూసుకోండి. వేలు తెల్లగా, మైనంలా, గట్టిగా కనిపిస్తే ఆ రోజుకి వేట అయిపోయినట్టే. రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు, హీటర్ దగ్గర పెట్టకూడదు. నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. కొత్త బూట్లు సీజన్‌కి కనీసం నెల ముందు కొని, రోజూ కాసేపు వేసుకుని అలవాటు చేసుకోవాలన్నది అందరికీ మంచి సలహా, మీకైతే తప్పనిసరి. చిన్న బొబ్బ పుండుగా మారితే ఎంత దూరం వెళ్తుందో మన ఇళ్ళల్లో చూస్తూనే ఉన్నాం.

మీ 350 డాలర్లతో ఏం చేయాలంటే: నిరుడు కొన్న 1200 గ్రాముల బూట్లు అమ్మేయకండి. ఒక పల్చటి సాక్సు, ఒక మందపాటిది వేసుకుని వాటిలో వేళ్ళు ఆడుతున్నాయేమో చూడండి. ఆడితే డిసెంబర్‌కి అవే చాలు, సంచికి కట్టుకుని తీసుకెళ్ళండి. డబ్బులో సగం పైన 400 గ్రాముల తోలు లేసు బూట్లకి పెట్టండి. అక్టోబర్ నుంచి నవంబర్ గన్ సీజన్ దాకా మీ నడకంతా వాటితోనే. మిగిలిన దాంతో ఒక జత బూట్ కవర్లు, మూడు జతల మంచి మెరినో సాక్సులు వస్తాయి. సెప్టెంబర్‌కి కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, నీళ్ళు పట్టని మామూలు హైకింగ్ బూట్లు ఇంట్లో ఉంటే అవే వేసుకోండి. ఒకవేళ 1200వి బిగుతుగా ఉన్నాయని తేలితే అప్పుడు లెక్క మారుతుంది: వాటిని ఇచ్చేసి, లైనర్ బయటికి వచ్చే ప్యాక్ బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి, కవర్లు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

షాపుకి సాయంత్రం పూట వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేటకి వేసుకునే సాక్సులే జేబులో పెట్టుకెళ్ళి, వాటితోనే తొడిగి చూడండి. ఇంటికి తెచ్చాక ట్యాగులు తీయకుండా, కార్పెట్ మీద గంటసేపు వేసుకుని, అందులో సగం సేపు కుర్చీలో కదలకుండా కూర్చోండి. వేళ్ళకి తిమ్మిరి వస్తే ఆ జత మీది కాదు, వెనక్కి ఇచ్చేయండి. మీ స్టాండ్ నిచ్చెన రకమా, పైకి ఎక్కించుకునే రకమా, పాదం వెడల్పు ఎంత, షుగర్ ఎన్నేళ్ళుగా ఉంది అన్న వివరాలు రాస్తే బూటు ఎత్తు, సోల్ గురించి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.